స్థూలకాయం – బీజదోషం

"వీడు తిండిపోతు, అందుకే లావయ్యాడు" అంటూ చిలకలూరిపేటలో నా వద్దకు వచ్చే తల్లులు బిడ్డలను నిందిస్తుంటారు. తప్పు ఎల్లప్పుడూ బిడ్డదేనా? స్థౌల్యానికి అతిభోజనం, పగటినిద్రలతోపాటు బీజస్వభావాన్ని కూడా చరకుడు కారణంగా చెప్పాడు.

అమెరికాలో 1949లో పుట్టుకతోనే లావెక్కే చిట్టెలుకల వంశమొకటి బయటపడింది. వాటిలో చెడిన జన్యువును 1994లో గుర్తించారు. కొవ్వు కణాల నుండి "ఇక చాలు" అని మెదడుకు తెలిపే లెప్టిన్ హార్మోను వాటికి లేదు. అందుకే ఆకలి తీరదు. 1990లలో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో గుర్తించిన లావు ఎలుకలలోనైతే లెప్టిన్ అధికంగా ఉన్నా ఆకలి తగ్గదు.

మనుషులలో ఇట్టి దోషం అరుదు. అయినా పాలుతాగే వయసు నుండే తీరని ఆకలితో విపరీతంగా లావయ్యే శిశువును పస్తులుంచవద్దు. కషాయాలతో కాలయాపన చేయక పిల్లల వైద్యునికి చూపించండి. లెప్టిన్ లోపానికి ఇంజెక్షన్ చికిత్స ఉన్నది. మిగిలినవారికి మితాహారం, నిత్యవ్యాయామమే పరమౌషధం.