లాగుడు వేరు, అరుగుడు వేరు

కారు ఎడమకి లాగుతోందా? అలైన్‌మెంట్. ముందు టైర్లు ఒకవైపే అరిగాయా? అలైన్‌మెంట్. స్టీరింగ్ వణుకుతోందా? అదీ అలైన్‌మెంటే. మన ఇళ్లలో కారు కష్టాలన్నిటికీ ఈ ఒక్క మాటే మందు. టైరు షాపుకి వెళ్లి, కొన్ని వందలు కట్టి, మెషిన్ ఇచ్చిన కాగితం డ్యాష్‌బోర్డులో పడేసి వచ్చేస్తాం. నెల తిరక్కుండానే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఇందులో షాపువాళ్ల మోసం ఉండాలనేం లేదు. జ్వరానికీ, పంటినొప్పికీ, కాలు బెణికినందుకూ ఒకే మాత్ర అడిగితే మందులషాపువాడు ఏం చేస్తాడు? అడిగింది ఇస్తాడు.

అందుకే ముందు ఒక ముక్క గట్టిగా పట్టుకోండి. బండి పక్కకి లాగడం వేరు, టైరు తేడాగా అరగడం వేరు. నూలుదారం పట్టినట్టు తిన్నగా వెళ్లే కారు కూడా టైర్లని తినేస్తూ ఉండొచ్చు. పక్కకి లాగే కారుకి అలైన్‌మెంట్ అంకెలన్నీ సరిగ్గానే ఉండొచ్చు. ఎందుకో తెలియాలంటే మూడు కోణాలు తెలియాలి. సివిల్ వాళ్లూ, సీఎస్ఈ వాళ్లూ కంగారు పడకండి, ఫార్ములాలేం లేవు.

మూడు కోణాలు

మొదటిది టో. కారుని పైనుంచి చూస్తున్నాం అనుకోండి. ముందు చక్రాలు రెండూ సమాంతరంగా ఉన్నాయా, ముక్కులు లోపలికి తిరిగాయా, బయటికి తిరిగాయా అన్నది టో. పాదాలు లోపలికి పెట్టి నడిచేవాళ్లనీ, బయటికి పెట్టి నడిచేవాళ్లనీ చూస్తుంటాం కదా, అదే. చక్రం చూసే దిక్కు ఒకటి, కారు వెళ్లే దిక్కు ఇంకొకటి అయితే టైరు దొర్లుతూనే కాస్త పక్కకి ఈడ్చుకుపోతుంది.

ఎంత? ఒక చక్రం ఉండాల్సిన దిశ నుంచి 0.1 డిగ్రీ పక్కకి ఉందనుకుందాం. కంటికి ఆనదు. కానీ లెక్క వేస్తే, కిలోమీటరు ప్రయాణానికి పక్కదిశలో సుమారు 1.75 మీటర్లు వస్తుంది. 10,000 కిలోమీటర్లకి 17.5 కిలోమీటర్లు. గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే దారిలో దాదాపు సగం! రబ్బరు సాగుతుంది కాబట్టి అదంతా రాపిడిగా మారదు గానీ, టైరు ఎందుకంత త్వరగా అరిగిందో మాత్రం అర్థమవుతుంది.

రెండోది క్యాంబర్. కారుకి ఎదురుగా నిలబడి చూడండి. చక్రం పైభాగం లోపలికి వాలితే నెగటివ్, బయటికి వాలితే పాజిటివ్. వాలు ఎక్కువైతే టైరు ఒక అంచు మీదే బరువంతా మోస్తుంది.

మూడోది క్యాస్టర్. ఇది పక్కనుంచి చూస్తే తెలిసే కోణం. సైకిల్ ముందు ఫోర్కు నిటారుగా ఉండదు, కాస్త వెనక్కి వాలి ఉంటుంది. చేతులు వదిలేసి సైకిల్ తొక్కేవాళ్లకి ఆ వాలు చేసే సాయం చిన్నదేం కాదు. కారులోనూ అంతే. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది మధ్యకి రావడానికి ముఖ్యకారణాల్లో క్యాస్టర్ ఒకటి.

ఇప్పుడు అసలు సంగతి. ముందు చక్రాల టో చెడితే టైర్లు అరుగుతాయి, బండి మాత్రం సాధారణంగా లాగదు. రెండు చక్రాలూ టై రాడ్ల ద్వారా ఒకే స్టీరింగ్ ర్యాక్‌కి కట్టి ఉంటాయి. ఎడమ చక్రం ఒకవైపు తోస్తుంటే, కుడి చక్రం దానికి ఎదురు తోస్తుంది. ఇద్దరూ మధ్యలో రాజీ పడతారు. ఆ రాజీకి మూల్యం రబ్బరు కడుతుంది. క్యాస్టర్ దీనికి పూర్తిగా తలకిందులు. రెండువైపులా తేడా వస్తే బండి లాగుతుంది గానీ, టైరు పెద్దగా అరగదు. క్యాంబర్ రెండు పనులూ చేస్తుంది. ఎక్కువైతే అంచు తింటుంది, రెండువైపులా సమానంగా లేకపోతే లాగుతుంది కూడా.

అంటే "బండి తిన్నగానే వెళ్తోంది కదా, అలైన్‌మెంట్ ఎందుకు" అనే మాటా తప్పే, "లాగుతోంది కాబట్టి టో సరిచేయించండి" అనే మాటా తప్పే.

ఇంకో చిన్న విషయం. మలుపులో రెండు చక్రాలూ ఒకే కోణంలో తిరగవు. లోపలి చక్రం చిన్న వృత్తంలో వెళ్లాలి కాబట్టి ఎక్కువ తిరగాలి. ఈ ఆలోచన మోటారు కార్ల కంటే పాతది. మ్యూనిక్‌లో గుర్రబ్బగ్గీలు తయారుచేసే లాంకెన్‌స్పెర్గర్ కనిపెడితే, ఆయన తరఫున 1818లో లండన్‌లో పేటెంట్ తీసుకున్నది రుడాల్ఫ్ అకర్‌మన్. పేరు మాత్రం అకర్‌మన్‌కే దక్కింది! స్టీరింగ్ కాస్త తిరిగి ఉన్నా చక్రాల కోణాలు మారిపోతాయి కాబట్టే, అలైన్‌మెంట్ చేసేవాళ్లు ముందు స్టీరింగ్‌ని మధ్యలో పెట్టి కదలకుండా బిగిస్తారు. అది సరిగ్గా చేయకపోతే కారు తిన్నగా వెళ్తుంది, స్టీరింగ్ మాత్రం వంకరగా ఉంటుంది. అలాంటప్పుడు డబ్బు కట్టకముందే మళ్లీ చేయమని అడగొచ్చు.

టైరు మీద చెయ్యి పెట్టి చూడండి

మెషిన్ కంటే ముందు టైరుని అడగాలి. ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పితే ముందు టైరు మొత్తం కనిపిస్తుంది.

రెండు అంచులూ అరిగి మధ్యలో గాట్లు బాగుంటే, చాలాకాలంగా గాలి తక్కువతో నడిపారు. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువ. ఈ రెండిట్లోనూ అలైన్‌మెంట్ పాత్ర లేదు.

ఒక అంచు మాత్రమే నున్నగా అరిగితే క్యాంబర్‌ని గానీ టోని గానీ అనుమానించాలి. ఏదో తేల్చుకోవడానికి అరచేత్తో టైరుని అడ్డంగా తడమండి, ముందు బయటి అంచు నుంచి లోపలికి, తర్వాత లోపలి నుంచి బయటికి. ఒకవైపు నున్నగా జారి, రెండోవైపు రంపం పళ్లలా గీసుకుంటే అది టో. లోపలి నుంచి బయటికి వచ్చేటప్పుడు గీసుకుంటే చక్రాలు లోపలికి ఎక్కువ తిరిగి ఉన్నట్టు. బయటి నుంచి లోపలికి వెళ్లేటప్పుడు గీసుకుంటే బయటికి తిరిగినట్టు. రెండువైపులా ఒకేలా నున్నగా ఉండి అంచు మాత్రమే అరిగితే క్యాంబర్ వైపు చూడాలి. తీగలు బయటపడిన టైరుని మాత్రం ఇలా తడమొద్దు, చెయ్యి తెగుతుంది.

టైరు చుట్టూ అక్కడక్కడా గుంటలు గుంటలుగా అరిగితే షాకబ్జార్లు బలహీనపడి ఉండొచ్చు. చక్రం రోడ్డుని అంటిపెట్టుకోకుండా ఎగిరెగిరి పడుతూ, పడ్డచోటల్లా కాస్త కాస్త కొరుక్కుపోతుంది. బాలెన్సింగ్ చెడినా, బేరింగ్ వదులైనా ఇలాంటి మచ్చలు రావచ్చు.

స్టీరింగ్ వణుకు మాత్రం వేరే కేసు. 80, 100 కిలోమీటర్ల వేగం దగ్గర వణికి, అది దాటాక తగ్గితే ముందు చూడాల్సింది బాలెన్సింగ్. రిమ్ము అంచుకి చిన్న బరువు ముక్కలు అంటిస్తారే, అది. గుంతలో పడ్డాక వణుకు మొదలైతే రిమ్ము వంగిందేమో చూడాలి. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికితే డిస్కుల్ని చూపించాలి. ఈ మూడిటినీ అలైన్‌మెంట్ బాగుచేయలేదు.

లాగుతుంటే ఈ వరసలో వెళ్లండి

మొదట గాలి. బండి కనీసం రెండు మూడు గంటలు కదలకుండా ఉన్నాక చూడాలి. నడిపాక గాలి వేడెక్కి రీడింగ్ మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ చూపించొచ్చు. ఎంత ఉండాలో చాలా కార్లలో డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కరు మీద రాసి ఉంటుంది. ముందు చక్రాల్లో ఒకదాంట్లో గాలి బాగా తగ్గితే బండి ఆవైపుకే లాగుతుంది. ఖర్చు లేని పరీక్ష ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే.

రెండోది రోడ్డు. వాన నీళ్లు పోవడానికి మన రోడ్లని మధ్య నుంచి అంచుకి వాలుగా వేస్తారు. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి బండి మెల్లగా ఎడమకి జారడం మామూలే. కుడికి లాగుతున్నా, ఎడమకి గట్టిగా లాగుతున్నా అప్పుడు అనుమానించాలి. పరీక్ష కోసమైనా సరే, స్టీరింగ్ పూర్తిగా వదిలేయకండి. వేళ్లు ఆనించి ఉంచితే చాలు, లాగుడు తెలిసిపోతుంది.

మూడోది, ఎప్పుడు లాగుతోంది? బ్రేకు తొక్కినప్పుడే అయితే ఒకవైపు బ్రేకు సరిగ్గా పట్టడం లేదు. ఇది వాయిదా వేయకూడని పని. ఎప్పుడూ లాగుతూ, కాసేపు నడిపాక ఒక చక్రం రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే, ఆ బ్రేకు పట్టేసి వదలడం లేదన్నమాట. రిమ్ముని ముట్టుకోవద్దు. చెయ్యి దగ్గరగా పెడితే సెగ తెలుస్తుంది.

నాలుగోది టైరు మార్పిడి. పేపర్ గ్లాసుని నేలమీద దొర్లించండి. తిన్నగా వెళ్లదు, గుండ్రంగా తిరుగుతుంది. రేడియల్ టైరు లోపలి బెల్టు కాస్త పక్కకి జరిగి తయారైతే ఆ టైరూ అంతే. పైకి బాగానే కనిపిస్తూ ఒకవైపుకి దొర్లుతుంది. ముందు టైర్లు రెండిటినీ అటూ ఇటూ మార్చి చూడండి. లాగుడు దిశ మారినా, పోయినా దోషం టైరుది. ఏమీ మారకపోతే అప్పుడు బండిది. పక్కన బాణం గుర్తు ఉన్న టైర్లని మాత్రం ఇలా మార్చకూడదు.

కీళ్లు వదులైతే కొలతలెందుకు?

పై నాలుగూ దాటాక కూడా అలైన్‌మెంట్‌కి వెళ్లే ముందు ఒక పని ఉంది. చక్రాన్ని గాల్లోకి లేపి ఊపి చూడాలి. ఇది మెకానిక్ దగ్గర, స్టాండు మీద చేయించండి. కారుతో వచ్చే జాకీని నమ్ముకుని బండి కిందకి ఎవరూ దూరొద్దు.

గడియారంలో తొమ్మిది, మూడు ఉండే చోట చక్రాన్ని పట్టుకుని ఊపితే ఆట తెలిస్తే టై రాడ్ ఎండ్ గానీ ర్యాక్ గానీ అరిగింది. పన్నెండు, ఆరు దగ్గర పట్టుకుంటే ఆట తెలిస్తే బాల్ జాయింట్ గానీ బేరింగ్ గానీ. అప్పుడు ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి. ఆట పోతే బేరింగ్, పోకపోతే బాల్ జాయింట్ వైపు చూడాలి. స్పీడ్ బ్రేకర్ల మీద కింద నుంచి టక్ టక్‌మని శబ్దం వస్తుంటే లోయర్ ఆర్మ్ బుష్షులు కూడా చూపించండి.

కీళ్లు వదులుగా ఉన్న బండికి అలైన్‌మెంట్ చేయించడం, ఊగే టేబుల్ మీద తూకం వేయడం లాంటిది. మెషిన్ మీద ఆగి ఉన్నప్పుడు అంకె సరిగ్గానే ఉంటుంది, రోడ్డెక్కి మొదటి గుంతలో దిగ్గానే మారిపోతుంది. "నెల కూడా నిలవలేదు" అని మనం విసుక్కునేది చాలాసార్లు ఇందుకే. ముందు అరిగిన భాగం మార్పించాలి, తర్వాతే కొలత.

ఇక ఆ కాగితం. చేయకముందు అంకెలు, చేశాక అంకెలు రెండూ ఉన్న ప్రింటు అడగండి. మన హ్యాచ్‌బ్యాకుల్లో చాలావాటికి ముందు టో ఒక్కటే సర్దడానికి వీలుంటుంది. క్యాంబర్, క్యాస్టర్‌లకి సర్దే బోల్టులు ఉండవు. కాబట్టి క్యాంబర్ ఒకవైపు బాగా తేడాగా ఉంటే, గుంతకో రాయికో తగిలి స్ట్రట్టో, ఆర్మో, నకులో వంగి ఉండొచ్చు. దాన్ని కొలిచి కనిపెట్టాలి, మార్చాలి. టో సర్ది "అయిపోయింది సార్" అంటే అవ్వలేదనే అర్థం. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకి ఈ కాగితం ఇంకా పనికొస్తుంది. పెయింటు వేసి దెబ్బని దాచొచ్చు గానీ, వంగిన కోణాన్ని దాచడం అంత తేలిక కాదు.

ఇదంతా డబ్బు గురించి మాత్రమే అనుకోకండి. టైరు గాట్ల మధ్య అడ్డంగా చిన్న చిన్న దిమ్మలు ఉంటాయి, ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. గాట్లు అరిగి ఆ దిమ్మలతో సమానమైతే టైరు మార్చాల్సిందే. గాట్లు ఉన్నది నీటిని పక్కకి తోయడానికి. అవి లేకపోతే వానలో టైరు నీటి పొర మీద తేలుతుంది, అప్పుడు స్టీరింగ్ తిప్పినా బండి మాట వినదు. లోపలి అంచు మాత్రమే అరిగిన టైరు ఇంకా ప్రమాదం. బయట నిలబడి చూసేవాళ్లకి కొత్తదానిలాగే కనిపిస్తుంది, తీగలు తేలేదాకా ఎవరికీ తెలియదు.

ఈసారి సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు కారు స్టీరింగ్ ఒక పక్కకి తిప్పి, టైరు లోపలి అంచు చూడండి. చెయ్యి ఒకసారి అటూ ఇటూ పోనివ్వండి. ఐదు నిమిషాల పని. ఆ తర్వాత షాపుకి వెళ్తే "అలైన్‌మెంట్ చేయండి" అని కాకుండా, "గాలి సరిగ్గానే ఉంది, లాగడం లేదు, ఎడమ టైరు లోపల మాత్రం రంపంలా ఉంది, ముందు కీళ్లు చూసి తర్వాత టో చూడండి" అని చెప్పగలుగుతారు. అలా చెప్పినవాళ్లకి అక్కర్లేని పని అంటగట్టడం కష్టం.