మన పుట్టుక సంగతి డీఎన్ఏ ఏం చెబుతుంది?

పాలకీడు హాస్టల్లో మేము చదువుకునే రోజుల్లో, సెలవులకు ఊరికి పోతే ఒక పెద్దాయన "మీ పుట్టుకే వేరురా" అనేవాడు. అప్పుడు జవాబు తెలియలేదు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. ఎమ్మెస్సీలో జన్యుశాస్త్రం చదివాక జవాబు దొరికింది. తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పాలని ఈ నాలుగు మాటలు.

మన డీఎన్ఏ సగం అమ్మ నుంచి, సగం నాన్న నుంచి వస్తుంది. తరతరాలుగా అందులో చేరే చిన్న చిన్న మార్పులను పోల్చి, ఎవరి పూర్వీకులు ఎవరితో కలిశారో లెక్క కడతారు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ బృందంతో కలిసి 25 సమూహాలను పరిశీలించి 2009లో ఫలితాలు ప్రకటించారు. అందులో మన మాల, మాదిగ, చెంచు, వైశ్య, వెలమ అందరూ ఉన్నారు. వీళ్లందరిలోనూ అవే రెండు ప్రాచీన మూలాలు కలిసి ఉన్నాయి, పాళ్లే వేరు. ఆ కలయిక సుమారు 4200 నుంచి 1900 ఏళ్ల కిందట జరిగిందని 2013లో తేల్చారు. బయటి పెళ్లిళ్లు అరుదైపోయింది ఆ తర్వాతే. అంటే గోడ మధ్యలో కట్టిందే!

మరి పాత ఎముకలో? చెవి లోపలి గట్టి ఎముకలో డీఎన్ఏ బాగా నిలుస్తుంది. కానీ మన ఎండకు ముక్కలైపోతుంది. హర్యానాలోని రాఖీగఢీలో 61 నమూనాలు చూస్తే ఒక్క స్త్రీ అస్థికలోనే చాలినంత దొరికింది (2019). మన పక్కనే నాగార్జునకొండ తవ్వకాల్లో పెద్దరాతి సమాధులు బయటపడ్డాయి. రాకాసిగుళ్లు అనేది వాటినే. చేలల్లో అలాంటి రాళ్ల వరుస కనిపిస్తే పెకలించకుండా సారుకు చెప్పండి.