వ్రేలిముద్ర పడని చేతులు

చౌకధరల దుకాణమున బియ్యమునకై వచ్చిన వృద్ధురాలు గాజుపలకపై బొటనవ్రేలు మోపి, యంత్రము ఒప్పుకొనకపోగా చీరచెఱగుతో తుడిచి మరల మోపి, అప్పటికిని ముద్ర పడకపోవుటచే చూపుడువ్రేలును నడిమివ్రేలును వరుసగా పెట్టి చూచుచుండగా, వెనుక నిలిచినవారు "తలకు రాచి పెట్టవే అవ్వా, నూనె తగిలితే పడుతుంది" అని ఉపాయము చెప్పుట ఆంధ్రదేశమునను తెలంగాణమునను నెలనెలా కానవచ్చు దృశ్యము. ఆ ఉపాయము మూఢవిశ్వాసము కాదు. దానిలో భౌతికశాస్త్రము కలదు. అయితే ఆ వృద్ధురాలు నిండుసంచితో పోవునా, వట్టిసంచితో మరలునా యను ప్రశ్నకు మాత్రము భౌతికశాస్త్రము బదులు చెప్పజాలదు.

మాతృగర్భమునందే శిశువు వ్రేళ్లకొనలపై ఏర్పడు సన్నని గట్లు ఆజన్మాంతము తమ అమరికను మార్చుకొనవు. గాజుపలక క్రిందినుండి ప్రసరించు వెలుగు, చర్మపు గట్టు గాజునకు గట్టిగా అంటుకొనిన చోట చర్మములోనికి చొచ్చి చెదరిపోవును. గట్ల నడుమ గాలి నిలిచిన పల్లములయొద్ద సంపూర్ణముగా పరావర్తనము చెంది వెనుకకు వచ్చును. ఈ వెలుగునీడల భేదమే ముద్రగా రూపొందుచున్నది. కాని యంత్రము పోల్చిచూచునది ఆ చిత్రమును కాదు. ఏ గీత ఎక్కడ ముగిసినది, ఏ గీత ఎక్కడ రెండుగా చీలినది, ఏ దిక్కునకు మొగ్గినది యను గుర్తులను మాత్రమే ఎత్తి, అవి పన్నెండంకెల ఆధార్ సంఖ్యతో పూర్వము భద్రపఱచిన గుర్తులతో ఎంతవఱకు సరిపోలుచున్నవో కేంద్రస్థానమునందలి కంప్యూటరు లెక్కగట్టి, ఔననియో కాదనియో ఒక్క మాట తిరిగి పంపును. చర్మము పొడిబాఱి పగిలియున్నచో గట్లు గాజునకు అంటవు; నిడుపైన గీత ముక్కలు ముక్కలుగా కనబడి, ముగియని చోట ముగిసినట్లు దొంగగుర్తులు పుట్టును. తలనూనె చేయు ఉపకారమెల్ల ఆ చర్మమును గాజునకు అంటించుటయే.

ఇట్లు గట్లు అరిగిన చేతులెవ్వరివి? సున్నమును సిమెంటును కలుపువారివి, ఇటుకలు మోయువారివి, ఉప్పుమళ్లలో దిగువారివి, ఇంటింట గిన్నెలు తోముటే జీవనముగా గలవారివి, వయోభారమున చర్మపు తడియు బిగువును సడలిన ముదుసలులవి. 2013వ సంవత్సరపు ఆహార భద్రతా చట్టము మనిషికి నెలకు 5 కిలోలును, అంత్యోదయ కుటుంబమునకు 35 కిలోలును ధాన్యము నిర్ణయించినది ప్రధానముగా వీరి నిమిత్తమే. ఎవరికొఱకు ద్వారము తెఱవబడినదో వారి చేతికే తాళపుచెవి పట్టుదప్పుచున్న దన్నమాట.

యంత్రము రెండు విధములుగా పొరబడవచ్చును: పరునిదానిని తనవాని ముద్రగా అంగీకరించుట యొకటి, తనవాని ముద్రనే త్రోసిపుచ్చుట మఱియొకటి. సరిపోలికకు ఇన్ని మార్కులు రావలెనని విధించిన హద్దును పెంచినకొలది మొదటి పొరపాటు తగ్గి రెండవది హెచ్చును, తగ్గించిన విపరీతము. రెంటిని ఒక్కసారి సున్న చేయు హద్దు ఏ ప్రయోగశాలయందును లభింపదు. ఒక వ్రేలు నూటికి పది మార్లు తప్పినయెడల, రెండు వ్రేళ్లును కలిసి తప్పుట నూటికి ఒక్క మారే యని సంభావ్యతాశాస్త్రము చెప్పును గాని, అది ఒకదాని తప్పునకు వేఱొకదానితో సంబంధము లేనప్పటి మాట. ఒకే సున్నము పది వ్రేళ్లను తినివేసినప్పుడు ఆ గణితము చెల్లదు. అందుచేతనే ఐరిస్ పరీక్ష మేలు: నల్లగ్రుడ్డు నడిమి రంధ్రమును చుట్టుకొనిన ఆ రంగువలయము పారదర్శకమైన పొర వెనుక దాగియుండుటచే కాయకష్టమునకు అరుగదు. కంటి శస్త్రచికిత్సలో దాని ఆకృతి మాఱినయెడల అక్కడను చిక్కు రావచ్చును.

పాలకులు ప్రజల చేతిముద్రను పుచ్చుకొను ఆచారము మన దేశముననే వేళ్లూనుట గమనింపదగినది. 1858లో వంగదేశమందలి జంగీపురమున విలియం హెర్షెల్ అను ఆంగ్లాధికారి, బాటసామగ్రి సరఫరా చేయు రాజ్యధర్ కోనాయి చేత ఒప్పందపత్రముపై అఱచేతిముద్ర వేయించెను; ఆ సంతకము తనది కాదని అతడు రేపు బుకాయింపకుండుటకే ఆ జాగ్రత్త. 1897లో కలకత్తాయందు వ్రేలిముద్రల కార్యాలయము వెలసినది. ముద్రలను వర్గీకరించు పద్ధతికి అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను భారతీయులు ప్రాణము పోసిరి, పేరు మాత్రము వారి పై అధికారి హెన్రీకి దక్కినది. ప్రజను శంకించుటకై పుట్టిన సాధనమును నేడు ప్రజకు పెట్టుటకై వినియోగించుచున్నాము. ఆ పాత శంక దానిని వీడిపోవునట్లు చూచుకొనుట మన బాధ్యత.

అది సాధ్యమే యనుటకు మన నేలమీదనే నిదర్శనము కలదు. అవిభక్త ఆంధ్రప్రదేశమున ఉపాధి హామీ కూలియు పింఛనులును వ్రేలిముద్రతో కూడిన స్మార్టుకార్డులద్వారా చెల్లించు ఏర్పాటును కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అను అర్థశాస్త్రజ్ఞులు 2010–12 నడుమ 8 జిల్లాలలో పరీక్షించిరి. స్వయంసహాయక సంఘములకు చెందిన ఆ యూరి స్త్రీయే యంత్రము చేతబట్టి గ్రామమునందే సొమ్ము లెక్కించి యిచ్చెడిది. కూలి త్వరగా చేరెను. ఉపాధి పథకమున దారిమళ్లు సొమ్ము సుమారు ఐదింట రెండు వంతులు తగ్గెను. ఐనను రెండేండ్ల పిమ్మటకూడ చెల్లింపులలో దాదాపు సగము పాతపద్ధతిననే సాగుచుండెను. కార్డు లేదను కారణమున కూలి నిలుపరాదని ప్రభుత్వము నిశ్చయించుకొనుట అందులకు ఒక హేతువు. ఆ నిదానము నాకు లోపముగా తోచదు. ఆ యేర్పాటునందలి ఉత్తమగుణముగానే తోచుచున్నది. ఆ పండితులే తరువాత జార్ఖండమున రేషనునకు ఆధార్ ముద్రను తప్పనిసరి చేసినప్పుడు పరిశీలింపగా, రేషను కార్డునకు ఆధార్ జతపడియుండని 23 శాతము లబ్ధిదారులకు అందు సరకు సుమారు పదవ వంతు తగ్గెను. వారిలో కొందఱకు ఏమియు దక్కలేదు. వ్రేలిముద్ర శాస్త్రము రెండు చోట్లను ఒక్కటే; ముద్ర లేనివానిని ఏమి చేయవలెనను నిబంధన వేఱు.

2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ చట్టముపై తీర్పు చెప్పినప్పుడు, ముద్ర సరిపోలని కారణమున అర్హుడెవ్వడును ప్రయోజనమును కోల్పోడని ప్రభుత్వ పక్షమున అటార్నీ జనరల్ ఇచ్చిన మాట ఆ తీర్పునందు నమోదైనది. ఆ మాట ఏ దుకాణమున నిలిచెనో, ఏ దుకాణమున నిలువలేదో తెలిసికొనుట కష్టము కాదు, ఏలయన విఫలమైన ప్రతి ప్రయత్నమును యంత్రవ్యవస్థయే వ్రాసికొనుచున్నది. ఉపాధి పథకమున 2006 మొదలు ఆంధ్రప్రదేశమున నడచిన సామాజిక తనిఖీ మనకు దారి చూపినది: కంప్యూటరులోని మస్టరు లెక్కలను కాగితముపై ముద్రించి, కూలి కుటుంబముల యువతీయువకులు ఇల్లిల్లు తిరిగి చదివి వినిపించి, నిజానిజములను గ్రామసభలోను మండల ప్రజావేదికలోను తేల్చిరి. ఆహార భద్రతా చట్టము చౌకధరల దుకాణములకు కూడ సామాజిక తనిఖీని విధించియే యున్నది గావున క్రొత్త శాసనము అవసరము లేదు. ఏ నెలలో ఎవ్వరి ముద్ర ఎన్ని మార్లు పడలేదో, వారికి ఐరిస్ పెట్టి చూచిరో లేదో, తుదకు బియ్యము చేరెనో లేదో తెలుపు పట్టికను ఆ తనిఖీ కాగితములలో చేర్చి, దుకాణపు డీలరును, కార్డుదారులును ఎదురెదురుగా కూర్చుండగా బిగ్గఱగా చదివింపవలెను.