కొండ గుర్రం నడకలో మన గిత్తలకో పాఠం

సంక్రాంతి వచ్చినా, ఊరి తిరునాళ్లు వచ్చినా బండలాగుడు పోటీలకు గిత్తల్ని తోలుకెళ్లే రైతు ప్రతి మండలంలోనూ ఒకరిద్దరు ఉంటారు. ఇంట్లో పిల్లల ఫీజు ఆగినా ఆగుతుంది గానీ గిత్తల దాణా మాత్రం ఆగదు. ‘ఎందుకయ్యా ఈ ఖర్చు?’ అని అడిగితే నవ్వి ఊరుకుంటారు. మీరు కూడా అలాంటివారైతే ఈ వారం కథ మీ కోసమే. ఇది అమెరికాలోని ఒక కొండ ప్రాంతపు చిన్న రైతులు పెంచుకున్న గుర్రాల కథ. ప్రదర్శన వల్ల ఒక జాతి ఎలా నిలబడిందో, అదే ప్రదర్శన మోజు ఎక్కడ దెబ్బతీస్తుందో ఇందులో కనపడుతుంది.

పొగాకు రైతుల గుర్రం

అమెరికాలో కెంటకీ అనే రాష్ట్రం ఉంది. గుర్రాలంటే అక్కడ పందెం గుర్రాలే గుర్తొస్తాయి. తెల్లరంగు కంచెలు, చదునైన పచ్చిక బీళ్లు, కోటీశ్వరుల ఫారాలు. అదంతా రాష్ట్రం నడిమి భాగం. తూర్పున అపలాచియన్ కొండలు మొదలవుతాయి. అక్కడ నేల ఏటవాలు, కమతాలు చిన్నవి. మన ప్రకాశం జిల్లా రైతుల మాదిరే అక్కడివారూ ఏళ్ల తరబడి పొగాకు మీద బతికారు. వాళ్లది బర్లీ రకం. కాస్త మొక్కజొన్న, నాలుగు ఆవులు, ఇంటికో గుర్రం.

ఆ ఒక్క గుర్రమే అన్ని పనులూ చేయాలి. పొద్దున నాగలి లాగాలి. మధ్యాహ్నం పశువుల్ని మళ్లించాలి. ఆదివారం బండి కట్టుకుని చర్చికి తీసుకుపోవాలి. రాత్రివేళ ఎవరికైనా జబ్బు చేస్తే డాక్టరు కోసం కొండ దారిన పరుగెత్తాలి. రెండో గుర్రాన్ని మేపే స్తోమత లేదు కాబట్టి రైతులు మూడే మూడు గుణాలు చూసుకున్నారు. సాధువై ఉండాలి, తక్కువ మేతతో చలికాలం గట్టెక్కాలి, ఎక్కినవాడి నడుం విరగ్గొట్టకుండా నడవాలి.

ఇలా తయారైనవాటిలో ఒకటి రాకీ మౌంటెన్ గుర్రం. సుమారు 1890 ప్రాంతంలో పడమటి రాకీ కొండల వైపు నుంచి ఒక మగ గుర్రపు పిల్ల వచ్చిందని, దాని సంతానమే ఇదని అక్కడ పెద్దలు చెప్పుకుంటారు. దీనికి కాగితాల రుజువు లేదు. రుజువున్న కథ శామ్ టటిల్ అనే రైతుది. ఎస్టిల్ కౌంటీలోని స్పౌట్ స్ప్రింగ్స్ ఆయన ఊరు. 1960ల్లో నేచురల్ బ్రిడ్జ్ పార్కులో యాత్రికుల్ని గుర్రాల మీద తిప్పే కాంట్రాక్టు ఆయనదే. ఆయన దగ్గర టోబ్ అనే మగ గుర్రం ఉండేది. జన్మలో గుర్రం ఎక్కనివారిని కూడా దాని మీద కూర్చోబెట్టి రాళ్ల దారుల్లో పంపేవాడట. విత్తనపు మగ గుర్రం అంత నెమ్మదిగా ఉండటం మాటలు కాదు. అది 37 ఏళ్లు బతికిందని చెబుతారు. ఈనాటి జాతి గుర్రాల్లో చాలా వాటి వంశం దాని దగ్గరికే పోతుంది.

ట్రాక్టర్లు, కార్లు వచ్చాక ఈ గుర్రాలు తగ్గిపోయాయి. చివరికి 1986లో కొందరు పెంపకందార్లు కలిసి రాకీ మౌంటెన్ గుర్రాల సంఘం పెట్టుకుని, వంశావళి రాయడం మొదలుపెట్టారు. 1989లో కెంటకీ మౌంటెన్ శాడిల్ గుర్రాల సంఘం కూడా వచ్చింది.

నాలుగు దెబ్బల నడక

మీలో పెద్దవాళ్లు జట్కా బండి ఎక్కే ఉంటారు. గుర్రం పరుగందుకుంటే టక్ టక్, టక్ టక్ అని రెండేసి దెబ్బలు వినిపించేవి. ముందు కుడికాలు, వెనక ఎడమకాలు ఒకేసారి నేలకు తగులుతాయి. తర్వాత రెండో జత. ఆ రెండు జతల మధ్య గుర్రం ఒళ్లు గాల్లోకి లేస్తుంది. అందుకే మీద కూర్చున్నవాడు ఎగిరెగిరి పడతాడు.

కొండ గుర్రం అలా కాదు. నాలుగు కాళ్లూ విడివిడిగా, ఒకదాని తర్వాత ఒకటి నేలకు తగులుతాయి. కళ్లు మూసుకుని వింటే నాలుగు దెబ్బలు సమానంగా వినిపిస్తాయి. ఎప్పుడూ ఏదో ఒక కాలు నేల మీదే ఉంటుంది గనుక వీపు పెద్దగా కదలదు. కుర్చీలో కూర్చున్నట్టే ఉంటుంది. ఎత్తు 58 నుంచి 64 అంగుళాలు.

ఈ నడక నేర్పితే వచ్చేది కాదు, పుట్టుకతో వచ్చేది. పాలు తాగే పిల్ల కూడా తల్లి పక్కన బీట్లో అలాగే నడుస్తుంది. నడకను శాసించే ఒక జన్యువును 2012లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం బయటపెట్టింది. మన దేశంలో మార్వాడీ, కాఠియావాడీ గుర్రాల్లో కనిపించే ‘రేవాల్’ కూడా ఇలా కుదుపు లేని నడకే.

ఏడాది ఎలా గడుస్తుంది

ఇలాంటి గుర్రాలు నాలుగైదు ఉన్న ఒక చిన్న ఫారం అనుకోండి. ప్రదర్శనల సీజను వేసవిలోనే అయినా పని చలికాలంలోనే మొదలవుతుంది. మంచు కురిసే రోజుల్లో ఎండుగడ్డి వేసి కాపాడాలి. ఒంటి నిండా దట్టంగా బొచ్చు పెరుగుతుంది. వసంతం రాగానే అది రాలుతుంటే రోజూ దువ్వాలి.

అదే సమయంలో ఈతలు. గుర్రం చూడి సుమారు 11 నెలలు. ఇక్కడ కెంటకీ రైతు చాలా నష్టాలు చూసి నేర్చుకున్న సంగతి ఒకటుంది. అక్కడి బీళ్లలో ఎక్కువగా పెరిగేది ఫెస్క్యూ గడ్డి. దాని లోపల కంటికి కనపడని శిలీంధ్రం ఉంటుంది. చూడి చివర్లో ఆ గడ్డి మేస్తే ఈత ఆలస్యమవుతుంది, మాయ మందంగా తయారవుతుంది, పొదుగులో పాలు దిగవు. అందుకే ఈతకు రెండు మూడు నెలల ముందే గుర్రాన్ని ఆ బీటి నుంచి తప్పిస్తారు. మన దగ్గర ఫెస్క్యూ లేదు. కానీ బూజు పట్టిన వరిగడ్డి, నల్లబడిన వేరుశనగ చెక్క చూడి పశువుకు వేసేవారు ఇంకా ఉన్నారు. ‘పశువే కదా, ఏం కాదులే’ అనుకోకండి.

ఆరేడు వారాలకోసారి గిట్టలు చెక్కించి లాడాలు మార్పించాలి. మెల్లమెల్లగా కొండ దారుల్లో నడిపించి దమ్ము పెంచాలి. ప్రయాణానికి ముందు రక్తపరీక్ష తప్పనిసరి. జోరీగల వల్ల వ్యాపించే ఒక రక్తహీనత జబ్బు ఉంది. దానికి మందు లేదు. జబ్బు లేదని తేల్చే కాగిన్స్ పరీక్ష కాగితం చేతిలో లేకపోతే ప్రదర్శన గేటు దాటనివ్వరు. ఎంత పేరున్న రైతయినా సరే.

వేసవంతా కౌంటీ సంతల్లో చిన్న చిన్న ప్రదర్శనలు నడుస్తాయి. సీజను చివర, సెప్టెంబరు ప్రాంతంలో, లెక్సింగ్టన్‌లోని కెంటకీ హార్స్ పార్కులో రాకీ మౌంటెన్ సంఘం పెద్ద ప్రదర్శన జరుగుతూ వచ్చింది.

బరిలో ఏం చూస్తారు?

బరిలో పరుగు పందెం ఉండదు. గుర్రాలన్నీ కలిసి గుండ్రంగా తిరుగుతాయి. జడ్జి మధ్యలో నిలబడి మొదట నెమ్మది నడక, తర్వాత కాస్త వేగం, ఆపైన ఇంకాస్త వేగం అడుగుతాడు. వేగం మారినా నాలుగు దెబ్బల తాళం తప్పకూడదు. తర్వాత వెనక్కి మళ్లించి అటువైపు కూడా తిప్పిస్తాడు. చివర్లో వరసగా నిలబెడతారు. పక్క గుర్రాన్ని తన్నకుండా, పళ్లు చూపకుండా నిలబడాలి. వెనక్కి నాలుగడుగులు వేయమంటే వేయాలి. వేగం కన్నా నెమ్మదితనానికే విలువ ఎక్కువ.

మొదటి బహుమతికి నీలం రిబ్బను, రెండోదానికి ఎరుపు, మూడోదానికి పసుపు. ‘రిబ్బను ముక్క కోసం ఇంత శ్రమా?’ అనొచ్చు మీరు. రైతుకు రాబడి రిబ్బనులో లేదు. ఆ గుర్రం పిల్లలు అమ్ముడుపోవడంలో, మగ గుర్రమైతే దాటుడు రుసుములో ఉంది. పెద్దవాళ్లకూ పిల్లలకూ పనికొచ్చే, బెదరని గుర్రం కావాలనుకునేవాడు బరిలో కళ్లారా చూసి కొంటాడు.

బరిలో గెలిచినంత మాత్రాన సంతానం జాతి పుస్తకంలోకి ఎక్కదు. రాకీ మౌంటెన్ సంఘం నియమం ప్రకారం గుర్రానికి 23 నెలలు నిండాక జీను వేసి నడిపిస్తే పరీక్షకులు నడక, గుణం, ఎత్తు, మచ్చలు చూస్తారు. అందులో నెగ్గిన గుర్రాన్నే విత్తనానికి ఒప్పుకుంటారు. తల్లిదండ్రులెవరో డీఎన్ఏ పరీక్షతో తేలుస్తారు.

రంగు మోజు తెచ్చిన తంటా

ఈ గుర్రాల్లో అందరి కన్నూ పడేది ఒక రంగు మీద. ఒళ్లు చాక్లెట్ రంగు, జూలు, తోక వెండి తెలుపు. దాని పక్కన మామూలు నల్ల గుర్రాన్ని నిలబెడితే ఎవరూ చూడరు. కొనేవాళ్లు ఆ రంగే అడిగారు. పెంచేవాళ్లు ఆ రంగే చూసి కట్టించారు.

తర్వాత ఈ జాతిలో కొన్ని గుర్రాలకు పుట్టుకతో కంటి లోపాలున్నట్టు పశువైద్యులు గమనించారు. ఆ రంగు తెచ్చే జన్యు మార్పును 2006లో శాస్త్రవేత్తలు గుర్తించారు. కంటి లోపాలకూ కారణం ఆ మార్పేనని తర్వాతి పరిశోధనల్లో తేలింది. లెక్క చూడండి. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క వైపు నుంచే దిగితే రంగు వస్తుంది. కంట్లో చిన్న నీటితిత్తులు ఉండొచ్చు గానీ సాధారణంగా చూపుకు పెద్ద ఇబ్బంది రాదు. రెండు వైపుల నుంచీ దిగితే లోపాలు ఎక్కువ, చూపే దెబ్బతినవచ్చు. ఒక్కో పాలు ఉన్న రెండు గుర్రాల్ని కడితే, పుట్టే ప్రతి పిల్లకూ రెండు పాళ్లూ దిగే అవకాశం నాలుగింట ఒక వంతు.

ఇంకో చిక్కుంది. ఎర్ర గుర్రంలో ఈ లక్షణం దాగి ఉంటుంది. పైకి రంగు చూసి చెప్పలేం. అందుకే తెలిసినవాళ్లు ఇప్పుడు వెంట్రుకలు లాబొరేటరీకి పంపి పరీక్ష చేయించి, ఆ లక్షణం ఉన్నదాన్ని లేనిదానితోనే కడుతున్నారు. రంగూ దక్కుతుంది, కళ్లూ దక్కుతాయి.

మన పుంగనూరు ఆవుల సంగతి ఒక్కసారి ఆలోచించండి. ఎంత పొట్టి అయితే అంత ధర అంటున్నారు. ఎత్తు ఒక్కటే కొలిచి, పాలు, ఈత, కాళ్ల బలం చూడకుండా, దగ్గరి రక్తంతో కట్టించుకుంటూ పోతే ఆ ధర ఎన్నాళ్లు నిలుస్తుంది? కొనేవాడు మోజు తీరాక అమ్మేస్తాడు. జాతి మిగలాల్సింది మన దొడ్లోనే.

బహుమతి కోసం హింస వద్దు

అదే అమెరికాలో టెన్నెసీ వాకింగ్ అనే ఇంకో నడక గుర్రం ఉంది. బరిలో ముందుకాళ్లు ఎంత ఎత్తుకు లేపితే అంత మెప్పు. ఆ మెప్పు కోసం కొందరు గిట్టల పైభాగంలో మంట పుట్టే రసాయనాలు రాసి, గొలుసులు తగిలించారు. నొప్పికి గుర్రం కాలు ఎత్తేసేది. దీన్ని ఆపడానికి 1970లో దేశమంతటికీ చట్టమే తేవాల్సి వచ్చింది. మొత్తం జాతికే చెడ్డపేరు వచ్చింది. కొండ గుర్రాల సంఘాలు ఇది చూసి, నడక పుట్టుకతో రావాలి, కాళ్లకు ఏ సాధనమూ తగిలించకూడదు అని గట్టిగా పట్టుబట్టాయి.

మన బండలాగుడు మాటేమిటి? పాలపళ్ల విభాగం నుంచి సీనియర్ విభాగం దాకా నెలల తరబడి బిడ్డలా సాకిన గిత్తనే ఆ పది, ఇరవై నిమిషాల్లో ముల్లుకర్రతో పొడిచేవారు లేరా? తోక కొరికేవారు లేరా? జనం ఈల వేస్తారు, వెళ్లిపోతారు. గాయం కడిగేది మీరే. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కూడా ఉందని మరవకండి.

మీరు చేయవలసినవి

పోటీకి తోలుకెళ్లేవారు ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

మొదటిది, లెక్క. దాణా, లారీ కిరాయి, మనిషి కూలి, మందులు అన్నీ ఒక నోటు పుస్తకంలో రాయండి. వచ్చిన బహుమతి పక్కన వేయండి. తేడా చూస్తే మీకే తెలుస్తుంది. అప్పు చేసి పోటీకి మాత్రం పోకండి.

రెండోది, విత్తనం. పేరొచ్చిన గిత్త ఉంటే దాన్ని ఒంగోలు జాతి లక్షణాలున్న ఆవులకు కట్టించి, ఏ ఆవుకు ఏ తేదీన కట్టింది, ఏ దూడ పుట్టింది రాసి పెట్టండి. బ్రెజిల్ వాళ్లు మన ఒంగోలు పశువుల్ని పట్టుకుపోయి, ‘నెలోర్’ పేరుతో వంశావళి రాసుకుని కోట్లలో పెంచుకున్నారు. మనకు నోటి మాటే మిగిలింది. సలహా కావాలంటే ఒంగోలుకు గుంటూరు దగ్గర లాం, పుంగనూరుకు పలమనేరు పశు పరిశోధన కేంద్రాలున్నాయి.

మూడోది, జబ్బులు. గాలికుంటు టీకా వేయించాక కొన్ని వారాలు గడిస్తేనే బయటికి తోలండి. చుట్టుపక్కల జబ్బు ఉంటే ఎంత పేరున్న పోటీ అయినా మానుకోండి. తిరిగొచ్చిన గిత్తను రెండు మూడు వారాలు విడిగా కట్టేయండి.

నాలుగోది, గుణం. శామ్ టటిల్ గుర్రాన్ని జనం గుర్తుపెట్టుకున్నది పందెం గెలిచినందుకు కాదు, ఎవరు ఎక్కినా క్షేమంగా దించినందుకు. మీ ఇంటి ఆడవాళ్లు దగ్గరికెళ్లి కుడితి పెట్టగలిగే గిత్త, మీ పిల్లాడు పలుపు పట్టుకుంటే వెంట నడిచే గిత్త బరిలో ఓడినా నష్టం లేదు. విత్తనానికి ఉంచుకోవలసింది దాన్నే.