పచ్చికలో కలుపు: మందుకన్నా ముందు మట్టిని చూడాలి

తొలకరి పడిన రెండు మూడు వారాలకే ఇళ్ల ముందున్న పచ్చికలో గడ్డిని మించి తుంగ లేవడం దేశంలోని అనేక నగరాల్లో ఏటా కనిపించేదే. పీకినా, కోసినా మళ్లీ మొలిచే ఈ కలుపుతో విసిగి చాలామంది కలుపుమందును ఆశ్రయిస్తున్నారు. మందు పడిన చోట నేల ఖాళీ అవుతుంది. ఆ ఖాళీని మొదట ఆక్రమించేది మళ్లీ కలుపే. విరివిగా వాడే గ్లైఫోసేట్ కలుపుతోపాటు పచ్చికనూ చంపుతుంది. మనుషులకు, పశువులకు ముప్పు ఉందంటూ కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో దాని వినియోగాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది.

ఏ కలుపు ఎక్కడ పెరుగుతోందో గమనిస్తే నేల పరిస్థితి కొంతవరకు తెలుస్తుంది. నీరు ఇంకక తరచు తడిగా ఉండే చోట తుంగ బలపడుతుంది. నడకకు గట్టిపడి గడ్డి పలచబడిన దారుల వెంట రెడ్డివారి నానుబాలు పరుచుకుంటుంది. ఎండి, బోసిపోయిన నేలలో పల్లేరు పాకుతుంది. నత్రజని తక్కువైన చోట చిక్కుడు జాతికి చెందిన చిన్న తీగలదే పైచేయి. గాలిలోని నత్రజనిని అవి వేరు బుడిపెల సాయంతో వినియోగించుకోగలవు, గడ్డికి ఆ వసతి లేదు.

నగరాల్లో అసలు చిక్కు ఇంటి నిర్మాణంతోనే మొదలవుతుంది. లారీల బరువుకు నేల గట్టిపడుతుంది. సిమెంటు, సున్నం కలిసిన శిథిలాలపైనే పలుచగా ఎర్రమట్టి పరిచి గడ్డి నాటుతారు. సున్నం వల్ల మట్టిలో క్షారగుణం పెరిగి, ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. గడ్డి పసుపుబారితే నత్రజని లోపమనుకొని యూరియా చల్లుతారు. లేత ఆకులు ముందుగా పసుపుబారితే లోపం ఇనుముది, ముదురు ఆకులైతే నత్రజనిది. ఈ తేడా గమనించకుండా వేసిన యూరియా వల్ల ప్రయోజనం ఉండదు.

అందుకే ముందుగా మట్టి పరీక్ష అవసరం. పచ్చికలో ఎనిమిది, పది చోట్ల 10 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి, కలిపి, నీడన ఆరబెట్టి అర కిలో పంపితే సరిపోతుంది. అనేక కృషి విజ్ఞాన కేంద్రాల్లో ఈ సదుపాయం ఉంది. చౌడు లక్షణాలున్నాయని తేలితేనే జిప్సం వేయాలి. లేనిచోట అది వృథా ఖర్చే.

గట్టిపడిన నేలలో ముళ్లపారతో 8 నుంచి 10 సెంటీమీటర్ల లోతు రంధ్రాలు చేసి, చివికిన ఎరువును అర సెంటీమీటరు మందాన చల్లితే గాలి, నీరు వేళ్లకు చేరతాయి. ఎరువు విషయంలోనే ఎక్కువమంది మోసపోతున్నారు. పచ్చి పేడలో కలుపు విత్తనాలు సజీవంగా ఉంటాయి. కుప్పలో వేడి 55 డిగ్రీల సెల్సియస్ దాటి కొన్ని రోజులు నిలిచి, కుప్పను తిరగేస్తేనే వాటిలో అధిక భాగం నశిస్తుంది. బయటినుంచి తెచ్చే ఎర్రమట్టితోనూ తుంగ గడ్డలు రావచ్చు.

కొత్తగా గడ్డి నాటదలచినవారికి ఏప్రిల్, మే ఎండలు ఉపకరిస్తాయి. తడిపిన నేలపై పారదర్శక పాలిథిన్ పట్టా బిగించి, అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే పైపొరలోని విత్తనాలు చాలావరకు చస్తాయి. లోతున ఉన్న తుంగ గడ్డలకు మాత్రం ఈ వేడి చాలదు. వాటిని మొలిచిన రెండు మూడు వారాల్లోపే, కొత్త గడ్డలు కట్టకముందే, మట్టి పెళ్లతో సహా పదేపదే తవ్వితీయాలి.

పచ్చికను నేలబారుగా కోయడం కలుపుకు వెలుతురు చూపడమే. ఒక కోతలో గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి తీయరాదు. రోజూ పైపైన చిలకరించే నీటికన్నా, రోజులు విడిచి లోతుగా ఇంకేలా పెట్టే నీరే వేళ్లను దించుతుంది. రైతు పొలంలో కలుపుగా పీకి పారేసే గరికే నగరంలో పచ్చికగా పెరుగుతుండటం విచిత్రం. దానికి ఎండ కావాలి. మామిడి చెట్టు కింద అది నిలవదు. అక్కడ మట్టిని ఎంత బాగుచేసినా ఫలితం ఉండదు కనుక, నీడను ఓర్చుకునే వేరే మొక్కలు పెంచుకోవడమే మేలు.