పురుగును తినే పురుగు కనిపించినా ధర పెరగదు

హిందూపురం యార్డులో మిరప బస్తా విప్పగానే కొనుగోలుదారు చేయి అడుగుకు పోతుంది. పిడికెడు కాయలు విదిలిస్తే పిండివంటి పొడి, దానితో రెండు మూడు పెంకు పురుగులు రాలినాయంటే రేటు తగ్గక తప్పదు. అయితే రాలిన పురుగులన్నీ కాయను తినేవి కావు.

కాయను తొలిచేది సిగరెట్ పురుగు. పొడవు 2 నుంచి 3 మి.మీ.; తల కిందికి వంచుకొని గుండ్రంగా కనిపిస్తుంది. పొగాకు వల్ల ఆ పేరు వచ్చినా మిరప, పసుపు, శొంఠి దేనినీ వదలదు. వేడి, తేమ కుదిరితే సుమారు నెల రోజుల్లో ఒక తరం పూర్తవుతుంది.

దీనిని వేటాడే పురుగు మరొకటి ఉంది. శాస్త్రజ్ఞులు దానిని థానెరోక్లెరస్ బుకేటి అంటారు. గళ్ల పెంకు పురుగుల వర్గానిదే అయినా ఒంటిపై గళ్లుండవు. రంగు ఎర్రటి గోధుమ, పొడవు సుమారు 5 మి.మీ. దీని పిల్లలు, పెద్దవి కూడా సిగరెట్ పురుగు సంతానాన్ని తింటాయి. సుగంధ ద్రవ్యాల వర్తకంతోపాటే దేశదేశాలకు పాకిన ఈ పురుగుపై పరిశోధన మాత్రం స్వల్పం.

మిత్రుడు ఉన్నాడు గదా అని రైతు నిశ్చింతగా ఉండరాదు. ఆహారం లేనిచోట ఇది నిలవదు. కనుక ఇది కనిపించిందంటే ఆ బస్తాలో సిగరెట్ పురుగు ఉన్నట్లే అనుమానించాలి. పైగా ఆహార భద్రతా నిబంధనలకు మంచి పురుగు, చెడ్డ పురుగు అనే తేడా లేదు. ఎండుమిర్చిలో బతికినదైనా, చచ్చినదైనా పురుగు ఉండరాదు. తేమ 11 శాతం, పురుగు తిన్న సరుకు 1 శాతం మించరాదు.

ఈ వర్గంలో అన్నీ నమ్మదగినవి కూడా కావు. ధర్మవరం మగ్గాలకు పట్టునిచ్చే గూళ్లను నిల్వలో తొలిచేవి డెర్మెస్టిడ్ పురుగులు. వాటి పిల్లలను తినే ఎర్రకాళ్ల గళ్ల పురుగు, వీలు చిక్కితే ఎండుకొబ్బరిని, ఎండుచేపలను కూడా పాడుచేస్తుంది.

కాబట్టి పెనుకొండ, ధర్మవరం పల్లెల రైతులు సరుకు నిల్వ చేసేముందు కాయ గలగలమనేలా ఆరబెట్టాలి. తూకం కోసం నీళ్లు చల్లితే నష్టం తమకే. పాత గోతాలను దులిపి ఎండలో వేసి, బస్తాలను చెక్కలపై గోడకు ఎడంగా పేర్చాలి. నెలకొకసారి విప్పి చూడాలి. పురుగు కనిపించిన బస్తాను వెంటనే వేరుచేయాలి. విషవాయువు పట్టించవలసి వస్తే అనుమతి పొందిన వారిచేతనే చేయించాలి. ఆ వాయువుకు శత్రువు, మిత్రుడు రెండూ చస్తాయి. తొలిచిన కాయ మాత్రం తిరిగి రాదు.