మొగల్ స్కీ మార్గాలు

మొగల్ అనగా మంచుతో కప్పబడిన కొండవాలు మీద, స్కీయింగ్ చేసేవారి రాకపోకల వలన ఏర్పడే మంచు దిబ్బ. ఇటువంటి దిబ్బలు వాలు పొడవునా వరుసలు వరుసలుగా పరచుకొని ఉన్న దారిని మొగల్ మార్గం అంటారు. అమెరికా, కెనడా, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ మొదలైన దేశాల స్కీ రిసార్టులలో ఈ మార్గాలు ఆరితేరిన స్కీయర్లకు ప్రీతిపాత్రమైనవి, కొత్తవారికి భయం గొలిపేవి. దూరం నుండి చూసేవారికి అన్నీ ఒకే విధంగా కనిపించినా వీటిలో మంచివి, చెడ్డవి ఉన్నాయి. పోటీల కొరకు యంత్రాలతో పోసే దిబ్బలను మినహాయిస్తే, మంచి మొగల్ మార్గం ఒకరు నిర్మించేది కాదు. అనువైన కొండను ఎంచుకొని, అక్కడ దానంతట అది ఏర్పడనిచ్చేది.

పేరు

ఈ మాటకు ఢిల్లీని ఏలిన మొఘల్ చక్రవర్తులతో సంబంధం లేదు. ఆస్ట్రియా, బవేరియా ప్రాంతాల జర్మన్ మాండలికంలో చిన్న గుట్టను 'ముగెల్' అంటారు. స్కీయింగ్ పరిభాషలోని మొగల్ దాని నుండి వచ్చింది. గొప్ప ధనవంతుడు, పలుకుబడి గలవాడు అనే అర్థంలో ఆంగ్లంలో వాడే మొగల్ మాత్రం మొఘల్ వంశపు పేరు నుండే పుట్టింది. రెండింటికీ ఆంగ్లంలో అక్షరక్రమం ఒకటే కావడం వలన ఈ గందరగోళం తరచు కనిపిస్తుంది. అమెరికా స్కీయర్లు వాడుకలో వీటిని 'బంప్స్' అని కూడా అంటారు.

దిబ్బలు ఏర్పడే తీరు

స్కీయర్ వాలు మీద తిన్నగా జారితే వేగం అదుపు తప్పుతుంది. అందువలన ఎడమకు, కుడికి మార్చి మార్చి మలుపులు తిరుగుతూ దిగుతాడు. ప్రతి మలుపులోను స్కీల అంచు మంచును గీరి మలుపు బయటి వైపుకు నెట్టివేస్తుంది. కొత్త మంచు మీద కొందరు దిగేసరికి అక్కడక్కడ చిన్న కుప్పలు తేలుతాయి. వెనుక వచ్చేవారికి కుప్పను ఎక్కి దూకడం కంటే దాని పక్కగా తిరగడం సులువు. కనుక వారూ అక్కడే మలుపు తిరుగుతారు. వారు గీరిన మంచు కూడా అదే కుప్పకు చేరుతుంది, పక్కనున్న పల్లం ఇంకా లోతవుతుంది. కుప్ప పెరిగిన కొద్దీ అక్కడ మలుపు తిరగక తప్పని స్థితి వస్తుంది. ఈ విధంగా ఎవరూ పథకం వేయకుండానే వాలు అంతా దిబ్బలతో నిండిపోతుంది. పై వరుసలోని రెండు దిబ్బల నడుమ సందుకు ఎదురుగా కింది వరుస దిబ్బ వచ్చి, చదరంగపు బల్ల మీది నల్లగళ్ళ వలె అమరుతాయి. వాహనాలు తిరిగే కొద్దీ మట్టిరోడ్ల మీద ఇంచుమించు సమాన దూరాలలో అడ్డంగా గతుకులు లేవడం కూడా ఇటువంటి ప్రక్రియే.

ఇందులో ఒక విచిత్రం ఉంది. స్కీయర్లు, వారితో పాటు జారే మంచు కిందికి పోతుండగా దిబ్బలు మాత్రం మెల్లగా కొండ పైకి కదులుతాయి. డేవిడ్ బార్, టాడ్ ఫెఫర్, రేమండ్ బ్రౌనింగ్ అనే పరిశోధకులు కొలరాడో రాష్ట్రంలోని ఒక మొగల్ మార్గాన్ని వరుసగా ఛాయాచిత్రాలు తీసి పరిశీలించారు. అక్కడి దిబ్బలు రోజుకు సుమారు 8 సెంటీమీటర్ల చొప్పున పైకి జరుగుతున్నాయని 2009లో 'ఫిజిక్స్ టుడే' పత్రికలో వివరించారు. ఆ లెక్కన నెలకు రెండు మీటర్లు దాటుతుంది. దీనికి కారణం సులభంగానే గ్రహించవచ్చు. స్కీయర్ దిబ్బ శిఖరం దాటగానే దాని దిగువ ముఖం మీద స్కీలను అడ్డం తిప్పి వేగం తగ్గించుకుంటాడు. అక్కడ గీరుకుపోయిన మంచు జారి, కింద ఉన్న మరొక దిబ్బ ఎగువ ముఖం మీద పడుతుంది. ప్రతి దిబ్బ దిగువ వైపు తరుగుతూ ఎగువ వైపు పెరుగుతుంది కాబట్టి దాని ఆకారం పైకి జరుగుతుంది. రద్దీ రోడ్డు మీద వాహనాలు ముందుకు పోతున్నా, వాహనాలు ఆగిపోయిన చోటు వెనుకకు జరుగుతూ ఉండడం ఇటువంటిదే.

ఈ సంగతి కేవలం వింత కోసం చెప్పుకొనేది కాదు. దిబ్బ దిగువ ముఖం నిత్యం గీరబడి గట్టిగా, నున్నగా తయారవుతుంది. ఎగువ ముఖం మీద మాత్రం మెత్తని మంచు చేరుతుంది. అనుభవజ్ఞులు స్కీలను ఈ మెత్తని ఎగువ ముఖం మీదకు తెచ్చి, మోకాళ్ళు మడిచి తాకిడిని తీసుకొని, శిఖరం దాటగానే కాళ్ళు చాస్తారు. ఛాతీ మాత్రం ఎప్పుడూ కొండ దిగువకే తిరిగి ఉంటుంది. దిబ్బ ఎగువన మెత్తని మంచు లేని మార్గంలో ఎంత నేర్పరి అయినా వేగాన్ని అదుపు చేయడం కష్టం.

ఎటువంటి కొండ కావాలి

అన్నిటికంటే ముఖ్యమైనది వాలు. వాలు మరీ తక్కువైతే ఒక దిబ్బ నుండి మరొక దిబ్బకు పోవడానికి వేగం చాలదు, లయ కుదరదు. మరీ నిటారుగా ఉంటే చాలామంది మలుపులు తిరగడం మానివేసి, స్కీలను అడ్డంగా పెట్టి పక్కగా జారుతూ దిగుతారు. అప్పుడు దిబ్బలు గుండ్రంగా కాక, ఒకవైపు గోడ కోసినట్లు, క్రమం లేకుండా తయారవుతాయి. ఫ్రాన్సులోని అవోరియాజ్ నుండి స్విట్జర్లాండ్‌లోని లే క్రోసే వైపు దిగే షావనెట్ మార్గం ఇందుకు తార్కాణం. 'స్విస్ గోడ' అని పేరుపొందిన ఈ దారి ఆరంభంలో ఇరుకుగా, ఎంతో నిటారుగా ఉంటుంది. వచ్చినవారందరూ అవే కొద్ది చోట్ల మలుపు తిరగవలసి రావడంతో అక్కడ పెద్ద పెద్ద దిబ్బలు లేస్తాయి. దీనిని సాహసానికి పేరుగన్న దారి అనవచ్చునే గాని మంచి మొగల్ మార్గం అనడం కష్టం. పోటీలకు అంతర్జాతీయ స్కీ సమాఖ్య నిర్దేశించిన సగటు వాలు సుమారు 28 డిగ్రీలు. మంచి వాలు ఎలా ఉండాలో ఊహించడానికి ఈ అంకె పనికివస్తుంది.

వాలు కొలతతో పాటు దిశ కూడా సరిగా ఉండాలి. ఒక బంతిని వదిలితే అది ఏ దారిన దొర్లిపోతుందో ఆ రేఖ, స్కీ దారి మధ్యగీతతో ఏకం కావాలి. దారి ఒక పక్కకు ఒరిగి ఉంటే ఎడమ మలుపు సులువుగా, కుడి మలుపు కష్టంగా ఉండి, దిబ్బలన్నీ ఒకవైపే పెరుగుతాయి. రిసార్టు పటంలో ఎంత గొప్పగా కనిపించినా ఇటువంటి ఒరిగిన దారికి రెండవసారి వెళ్ళేవారు తక్కువ.

పొడవు విషయంలో అభిప్రాయభేదాలు ఉన్నాయి. కాలిఫోర్నియాలోని టాహో సరస్సు ఒడ్డున గల హెవెన్లీ రిసార్టులో గన్‌బ్యారెల్ అనే మార్గం సుమారు 500 మీటర్ల ఎత్తు నుండి నేరుగా కొండ పాదం వరకు దిగుతుంది. దీనిని ఒకే రోజున 25 సార్లు దిగే వేడుకను స్కీయర్ గ్లెన్ ప్లేక్ నిర్వహించడం ప్రసిద్ధం. అయితే సామాన్య స్కీయర్‌కు అందులో సగం దూరానికే తొడలు మండుతాయి. మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడానికి కొంచెం వెడల్పు ఉంటే చాలు, పొడవు దోషం కాదు.

దిగేవారి ప్రభావం

మొగల్ మార్గం ఆకృతి ఆ దారిన దిగేవారి చేతివ్రాత వంటిది. నేర్పరులు చిన్నగా, గుండ్రంగా, సమానంగా మలుపులు తిరిగితే దిబ్బలు కూడా అట్లే ఏర్పడతాయి. భయంతో పక్కలకు జారేవారు ఎక్కువైతే దిబ్బల తలలు తెగిపోతాయి, పల్లాలు పొడవుగా సాగిపోతాయి. స్నోబోర్డు వాడేవారి వలననే దిబ్బలు చెడిపోతాయని స్కీయర్లు వాపోవడం పరిపాటి. ఇది సగమే నిజం. పక్కగా జారే వారెవరైనా, కాళ్ళకు ఏది కట్టుకొన్నా, ఫలితం ఒకటే.

ఈ కారణంగా మార్గానికి చేరే లిఫ్టు ఎక్కడ ఉన్నదనేది చిన్న విషయం కాదు. లిఫ్టు దిగిన చోట కష్టమైన దారి ఒక్కటే కాక సులువైన దారి కూడా స్పష్టంగా కనిపిస్తే కొత్తవారు అటు పోతారు, మొగల్ దారి నేర్పరులకు మిగులుతుంది. అయితే మరీ మారుమూలగా ఉంటే దిగేవారే ఉండరు, దిబ్బలు పెరగవు. ఎక్కువమంది నేర్పరులు పదే పదే దిగాలి. అదే దీనికి కావలసిన ఎరువు.

మంచు

తరచు కొద్దికొద్దిగా కురిసే పొడి మంచు మొగల్ మార్గాలకు మేలు చేస్తుంది. ప్రతి హిమపాతం పల్లాలను కొంత పూడ్చి, గీరుకుపోయిన ముఖాలను కప్పుతుంది. పగలు కరిగి రాత్రి గడ్డకట్టే వాతావరణంలో దిబ్బలు రాళ్ళవలె మారతాయి. ఉత్తరార్ధగోళంలో ఉత్తరముఖంగా ఉన్న వాలుల మీద ఎండ తక్కువ కనుక మంచు ఎక్కువకాలం పొడిగా నిలుస్తుంది. అడుగున తగినంత మందం లేకపోతే పల్లాలలో రాళ్ళు, గడ్డి బయటపడతాయి. అమెరికా తూర్పు ప్రాంతంలోని వెర్మాంట్ రాష్ట్రంలో వాన, చలి మారి మారి వస్తుంటాయి. అక్కడి కిల్లింగ్టన్ రిసార్టు యంత్రాలతో తయారుచేసిన మంచు మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఈ మంచు సహజ మంచు కంటే దట్టమైనది, త్వరగా గట్టిపడుతుంది. అందుచేత అక్కడ పేరొందిన అవుటర్ లిమిట్స్ అనే నిటారు మొగల్ మార్గం నడిచలికాలంలో కఠినంగా ఉండి, వసంతపు ఎండలకు మెత్తబడ్డాక రంజుగా మారుతుంది. ఆ దారి మీద జరిగే మొగల్ పోటీ వసంతంలోనే జరగడానికి ఇదీ ఒక కారణమని అనుకోవచ్చు.

పోటీ మార్గాలు

అమెరికాలో 1960ల చివర, 1970లలో 'హాట్ డాగ్' స్కీయింగ్ పేరుతో ప్రబలిన విన్యాసాల నుండి ఈ క్రీడ రూపొందింది. 1988 కాల్గరీ ఒలింపిక్స్‌లో ప్రదర్శన క్రీడగా, 1992 ఆల్బెర్‌విల్ ఒలింపిక్స్‌లో పతకాల క్రీడగా ప్రవేశించింది. 1992లో ఫ్రాన్సుకు చెందిన ఎడ్గార్ గ్రోస్పిరాన్, అమెరికాకు చెందిన డోనా వైన్‌బ్రెక్ట్ స్వర్ణాలు గెలిచారు. ఇద్దరు పక్కపక్కన దిగే ద్వంద్వ మొగల్స్ 2026 మిలానో కోర్టినా ఒలింపిక్స్‌లో మొదటిసారి చేరింది. మార్కులలో 60 శాతం మలుపులకు, 20 శాతం గాలిలో చేసే విన్యాసాలకు, 20 శాతం వేగానికి కేటాయిస్తారు. పోటీ మార్గంలో దిబ్బలను యంత్రాలతో సుమారు మూడున్నర మీటర్ల ఎడంతో పోసి, దారిలో రెండు చోట్ల గాలిలోకి లేవడానికి గుట్టలు కడతారు. అందరికీ సమాన అవకాశం ఉండాలి కనుక ఇది అవసరమే. కాని ఇక్కడ మలుపు ఎక్కడ తిరగాలో ముందే నిర్ణయమై ఉంటుంది. సహజ మార్గంలో ప్రతి దిబ్బ దగ్గర స్కీయరే నిర్ణయించుకోవాలి.

చదును చేయడమా, వదిలివేయడమా

రిసార్టులలో రాత్రివేళ 'స్నో క్యాట్' అనే గొలుసు చక్రాల యంత్రాలు మంచును దున్ని చదును చేస్తాయి. పూర్వం నిటారు వాలుల మీదకు ఇవి ఎక్కలేకపోయేవి. కనుక అక్కడ దిబ్బలు వాటంతట అవే మిగిలేవి. యంత్రాన్ని కొండపైన ఉక్కుతాడుతో కట్టి దింపే వించ్ పద్ధతి వచ్చాక నిటారు వాలులను కూడా చదును చేయగలుగుతున్నారు. 1990లలో నడుము సన్నగా ఉండే కొత్త తరహా స్కీలు వ్యాపించి, చదునైన మంచు మీద మలుపులు తిరగడం సులభమైంది. వచ్చే జనంలో అధికులు చదునైన దారినే కోరుతారు. దీనితో ఒకప్పుడు దిబ్బలతో నిండిన ఎన్నో దారులు ఇప్పుడు తివాచీ పరచినట్లు ఉంటున్నాయి. కనుక నేడు మొగల్ మార్గం ఉండడమా లేకపోవడమా అనేది కొండను బట్టి కంటే యాజమాన్యం నిర్ణయాన్ని బట్టే ఎక్కువగా తేలుతుంది.

ఈ విషయంలో తరచు ఉదహరించబడేది కొలరాడోలోని వింటర్ పార్క్ రిసార్టు. 1940లో ప్రారంభమైన ఈ రిసార్టుకు 1975లో మేరీ జేన్ అనే పక్క కొండను చేర్చారు. పాదమే సముద్రమట్టానికి సుమారు 2,880 మీటర్ల ఎత్తున ఉండడం వలన ఇక్కడ మంచు పొడిగా, చలిగా నిలుస్తుంది. 1928లో మోఫాట్ సొరంగం తెరవకముందు రైళ్ళు ఈ కొండల మీదుగా రోలిన్స్ కనుమ దాటేవి. అందుకే రైఫిల్‌సైట్ నాచ్, నీడిల్స్ ఐ వంటి పాత రైలుదారి పేర్లు స్కీ మార్గాలకు వచ్చాయి. చెట్ల మధ్య తిన్నగా దిగే అవుట్‌హౌస్ వంటి దారులను ఇక్కడ చదును చేయకుండా వదిలివేయడం ఆనవాయితీ. బాధ లేనిదే జేన్ లేదు అనే అర్థం వచ్చే నినాదం ఈ కొండకు గుర్తుగా నిలిచింది. సులువైన దారులు కావలసినవారికి పక్కనే వింటర్ పార్క్ కొండ ఉండడం వలన మేరీ జేన్‌ను ఈ విధంగా ఉంచడం యాజమాన్యానికి సాధ్యమైంది. ఒకే కొండ గల చిన్న రిసార్టుకు ఇది అంత తేలిక కాదు.

వదిలివేయడం అంటే పట్టించుకోకపోవడం కాదు. పల్లాలు మరీ లోతై, మంచు గడ్డకట్టి, దారి ప్రమాదకరంగా మారినప్పుడు ఒకసారి మొత్తం దున్ని, మళ్ళీ మొదటినుండి ఏర్పడనివ్వాలి. దీనికి తగిన సమయం పెద్ద హిమపాతానికి ముందు రాత్రి. అలా చేస్తే కొత్త మంచు చదునైన నేల మీద పడి, కొత్త దిబ్బలు క్రమంగా లేస్తాయి. చాలా రిసార్టులు వెడల్పైన దారిని నిలువునా రెండుగా విభజించి, ఒక సగాన్ని చదును చేసి మరొక సగాన్ని దిబ్బలకు వదులుతాయి. నేర్చుకొనేవారికి ఇంతకంటే అనుకూలమైన ఏర్పాటు లేదు. దిబ్బలలో నాలుగు మలుపులు తిరిగి, అలసినా, భయం వేసినా పక్కకు జరిగి చదునులోకి వచ్చి, మళ్ళీ ధైర్యం కలిగినప్పుడు దిబ్బలలోకి వెళ్ళవచ్చును.